పాత మిర్రర్ లెన్సు, కొత్త మిర్రర్‌లెస్ కెమెరా: జత ఎంతవరకు కుదురుతుంది?

క్లుప్తంగా: ఫిల్మ్ రోజుల నాటి 500 మి.మీ. మిర్రర్ లెన్సును ఇప్పటి కెమెరాకు మామూలు అడాప్టర్‌తో బిగించొచ్చు. అప్పట్లో ఈ లెన్సులు మూలన పడటానికి సగం కారణం చీకటిగా కనిపించే వ్యూఫైండరు, స్లో ఫిల్మ్. ఆ రెండు ఇబ్బందులూ కొత్త కెమెరాతో తీరాయి. మిగతా సగానికి కారణం లెన్సు ముందు మధ్యలో కూర్చున్న చిన్న అద్దం. దానివల్ల వచ్చే తంటాలు ఏ సెన్సరుతోనూ పోవు.

పేర్లతోనే తికమక మొదలవుతుంది. మిర్రర్‌లెస్ కెమెరా అంటే అద్దం లేని కెమెరా. మిర్రర్ లెన్సు అంటే అద్దాలున్న లెన్సు. పలకడానికి రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి, సెకండ్ హ్యాండ్ ప్రకటనలు చూసేవాళ్ళు ఒకటి చూసి ఇంకొకటి అనుకోవడం మామూలే. నిజానికి కెమెరాలోంచి తీసేసిన అద్దం వేరు, లెన్సులో ఉన్న అద్దాలు వేరు. పాత ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాల్లో లెన్సు గుండా వచ్చిన కాంతిని పైనున్న వ్యూఫైండరులోకి మళ్ళించడానికి ఏటవాలుగా ఒక అద్దం ఉండేది. కొత్త కెమెరాల్లో లేనిది అదే. మిర్రర్ లెన్సులో మాత్రం బొమ్మను తయారుచేసేవే అద్దాలు. అవి తీసేస్తే మిగిలేది ఖాళీ గొట్టం.

ఈ పాత లెన్సుల మీద మళ్ళీ ఆసక్తి పుట్టడానికి కారణం తేలిగ్గానే తెలుస్తుంది. పిట్టల ఫొటోలకు, చందమామ ఫొటోలకు కనీసం 500 మి.మీ. లెన్సు కావాలి. ఆ స్థాయి కొత్త లెన్సు కొనాలంటే చాలామందికి కెమెరా ధరకన్నా ఎక్కువవుతుంది, పైగా మోయడానికి రెండు కిలోలు. పాత మిర్రర్ లెన్సు అయితే అందులో చిన్న వంతుకే దొరుకుతుంది, భుజం సంచిలో ఓ మూల సర్దుకుంటుంది. ఇంత తక్కువకు ఇంత జూమా అనిపించడం సహజం. అసలు సంగతి తెలియాలంటే లెన్సు లోపల ఏం జరుగుతుందో ముందు చూడాలి.

మడతపెట్టిన దారి

మామూలు టెలీ లెన్సులో కాంతి ముందు గాజులోంచి దూరి, వరసగా ఉన్న గాజుల్లో వంగుతూ నేరుగా సెన్సరును చేరుతుంది. మిర్రర్ లెన్సులో అదే దారిని మడతపెట్టారు. ముందు గాజు దాటిన కాంతి గొట్టం అడుగున ఉన్న పెద్ద పుటాకార దర్పణాన్ని తాకి వెనక్కి, అంటే వచ్చిన వైపుకే తిరుగుతుంది. ముందు గాజు మధ్యలో లోపలివైపు బిగించిన చిన్న కుంభాకార దర్పణం దాన్ని మళ్ళీ అడుగుకు పంపుతుంది. పెద్ద అద్దం నడుమ ఒక రంధ్రం ఉంటుంది. కాంతి అందులోంచి బయటపడి సెన్సరు మీద బొమ్మగా పరుచుకుంటుంది. ఒకే గొట్టంలో కాంతి మూడుసార్లు నడుస్తుందన్నమాట. దానికి తోడు చిన్న అద్దం బొమ్మను పెద్దది కూడా చేస్తుంది. అందుకే 500 మి.మీ. నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్, అంటే దూరాన ఉన్నదాన్ని లెన్సు ఎంత పెద్దగా చూపుతుందో చెప్పే అంకె) ఉన్న లెన్సు జానెడు పొడవైనా లేకుండా తయారవుతుంది.

1979లో టామ్రాన్ తెచ్చిన ఎస్‌పీ 500 మి.మీ. ఎఫ్/8 దీనికి మంచి ఉదాహరణ. పొడవు సుమారు 9 సెం.మీ., బరువు సుమారు 600 గ్రాములు. నికాన్ 2018లో విడుదల చేసిన 500 మి.మీ. ఎఫ్/5.6 పీఎఫ్ లెన్సు, దాని తరగతిలో చాలా తేలికైనదని పేరు తెచ్చుకున్నా, 237 మి.మీ. పొడవు, 1460 గ్రాముల బరువు ఉంటుంది.

ఈ ఆలోచన కెమెరాలకన్నా చాలా పాతది. ఫ్రాన్స్‌కు చెందిన కాసెగ్రెయిన్ పేరుతో ఈ రెండద్దాల అమరిక 1672 నాటికే టెలిస్కోపుల కోసం ప్రకటితమైంది. అద్దాల వంపు వల్ల వచ్చే మసకను సరిదిద్దడానికి ముందు ఒక గాజు పలక పెట్టడం 20వ శతాబ్దపు సంగతి. 1930 ప్రాంతంలో జర్మనీలో బెర్న్‌హార్డ్ ష్మిట్ ఒక పద్ధతి కనిపెట్టాడు. 1941లో సోవియట్ శాస్త్రవేత్త దిమిత్రీ మక్సుతోవ్ ఇంకా తేలిగ్గా తయారుచేయగల వంపు గాజుతో మరో దారి చూపాడు. సోవియట్ ఎంటీఓ లెన్సుల పేరులో ఎం అంటే మక్సుతోవే అని చెబుతారు. 1958 బ్రస్సెల్స్ ప్రపంచ ప్రదర్శనలో ఈ లెన్సుకు గ్రాండ్ ప్రీ వచ్చింది. ఆ మాట లెన్సు మీదే చెక్కి అమ్మేవాళ్ళు. ఇప్పటికీ సెకండ్ హ్యాండ్‌లో దొరికే ఎంటీఓల మీద అది కనిపిస్తుంది. నికాన్ 1959లో 1000 మి.మీ., 1961లో 500 మి.మీ. రిఫ్లెక్స్ లెన్సులు (మిర్రర్ లెన్సులకే ఇంకో పేరు) తెచ్చింది. 1970లు, 80లలో దాదాపు ప్రతి పెద్ద కంపెనీకీ ఇలాంటి లెన్సు ఒకటి ఉండేది.

అద్దాలకు గాజు మీద ఒక సహజమైన పైచేయి ఉంది. గాజులో ఒక్కో రంగు కాంతి ఒక్కోలా వంగుతుంది. తెల్ల కొంగ రెక్క అంచున ఊదా రంగు గీత కనిపించడానికి కారణం అదే. దాన్ని అదుపు చేయడానికే ఖరీదైన ప్రత్యేక గాజులు వాడతారు. అద్దం మీద పడి తిరిగివచ్చే కాంతికి ఆ తేడా లేదు, అన్ని రంగులూ ఒకే కోణంలో తిరుగుతాయి. కాబట్టి చవక మిర్రర్ లెన్సు కూడా రంగు గీతల విషయంలో బాగా ఖరీదైన లెన్సులతో పోటీ పడుతుంది.

చిల్లు గారెల కథ

దీనికి చెల్లించే ఖరీదు చిన్న అద్దం రూపంలో ఉంటుంది. అది వచ్చే కాంతికి సరిగ్గా నడిమధ్యలో అడ్డం. లెన్సును ముందు నుంచి చూస్తే మధ్యలో నల్లటి గుండ్రని మచ్చ, చుట్టూ ఉంగరంలా గాజు కనిపిస్తాయి. ఫోకస్‌లో ఉన్న వస్తువు మీద ఈ ఆకారం ప్రభావం నేరుగా కనిపించదు. ఫోకస్ తప్పిన వెలుగు చుక్క మాత్రం ఎప్పుడూ లెన్సు ద్వారం ఆకారాన్నే దిద్దుకుంటుంది. మామూలు లెన్సులో అది నిండు బిళ్ళ, ఇందులో మధ్యలో చిల్లున్న బిళ్ళ. ఇంగ్లిష్‌లో దీన్ని డోనట్ అంటారు. తెలుగువాళ్ళకు గారె అంటే ఇంకా తొందరగా అర్థమవుతుంది.

ఆ గారె ఎంత పెద్దదో లెక్క కట్టడం కష్టమేం కాదు. ఎఫ్/8 అంటే కాంతి దూరే ద్వారం వెడల్పు నాభ్యంతరంలో ఎనిమిదో వంతు అని. 500ను 8తో భాగిస్తే 62.5 మి.మీ. లెన్సు ద్వారం వెడల్పు అది. చాలా దూరాన ఉన్న వెలుగు చుక్క, ఫోకస్ చేసిన పిట్ట పక్కన అంతే వెడల్పు గారెగా పడుతుంది. లకుముకి పిట్ట పొడవు సుమారు 16 సెం.మీ. దాని వెనక దూరంగా ఎండలో మెరిసే చెరువు నీరుంటే, నీటి మీది ప్రతి తళుకూ పిట్టలో మూడో వంతుకు మించిన గారెగా మారి ఒకదాని మీద ఒకటి పేరుకుంటుంది. కొందరికి ఇది అందంగా కనిపిస్తుంది. ఫొటో చూసేవాళ్ళ కన్ను ముందు గారెల మీదికే పోతుందన్నది మాత్రం కాదనలేం.

నీటి తళుకుల సంగతి అందరూ చెప్పేదే. దానికన్నా ఎక్కువ ఫొటోలను పాడుచేసేది పిట్టకు రెండు మీటర్ల వెనకున్న సన్న కొమ్మ. 10 మీటర్ల దూరంలో పిట్ట, 12 మీటర్ల దూరంలో కొమ్మ ఉన్నాయనుకుందాం. కొమ్మ మీది ప్రతి బిందువూ పిట్ట దగ్గర సుమారు 1 సెం.మీ. గారెగా సాగుతుంది. గారె నడుమ ఖాళీ కాబట్టి వెలుగంతా దానికి రెండు పక్కలా చేరుతుంది. ఫలితంగా ఒక కొమ్మ అర సెంటీమీటరు ఎడంతో నడిచే రెండు కొమ్మల్లా కనిపిస్తుంది. కరెంటు తీగలు, ఎండు గడ్డి, ముళ్ళ కంప అన్నీ ఇలా జంటలవుతాయి. మామూలు లెన్సులో మెత్తగా కరిగిపోయే వెనక భాగం ఇందులో గజిబిజి అవుతుంది. అపర్చర్ (లెన్సు ద్వారం సైజు) మార్చి దీన్ని తగ్గించే వీల్లేదు, ఎందుకంటే ఈ లెన్సుల్లో మార్చుకునే అపర్చరే ఉండదు. ఎఫ్/8 అంటే ఎప్పటికీ ఎఫ్/8.

ఆ ఎఫ్/8 కూడా పేరుకే. చిన్న అద్దం, దాని చుట్టూ ఉన్న కప్పు కలిసి ద్వారం వెడల్పులో 45 శాతం ఆక్రమించాయనుకుంటే, విస్తీర్ణంలో 20 శాతం కాంతి అక్కడే పోతుంది. అల్యూమినియం పూత ఒక్కోసారికి 10 శాతం చొప్పున మింగుతుంది, రెండు అద్దాలకు రెండుసార్లు. ఇవన్నీ కలిపితే చివరికి చేరేది సుమారు మూడింట రెండు వంతులు. ఎఫ్/8 అని రాసి ఉన్నా వెలుతురు లెక్కలో అది దాదాపు ఎఫ్/10 లెన్సు.

అడ్డం వల్ల ఇంకో నష్టం పైకి కనిపించదు. ఏ లెన్సయినా వెలుగు చుక్కను చుక్కగా కాక, మధ్యలో బిళ్ళ, చుట్టూ పలచని వలయాలుగా చూపిస్తుంది. దీన్నే వివర్తనం అంటారు. అడ్డం లేని లెన్సులో 84 శాతం వెలుగు మధ్య బిళ్ళలోనే ఉంటుంది. నడుమ అడ్డం పెడితే అందులో కొంత వలయాల్లోకి జారుతుంది. చిత్రమేమిటంటే బిళ్ళ కాస్త సన్నబడుతుంది కూడా. అందుకే మిర్రర్ లెన్సు ఈకల్లోని సన్న గీతలను పట్టగలదు, కానీ వాటి నలుపు తెలుపుల తేడా వెలిసిపోయినట్టుంటుంది. గొట్టంలో అటూ ఇటూ తగిలి వచ్చే కాంతి ఇంకొంచెం పాలిపోయేలా చేస్తుంది. ఈ లెన్సులు షార్ప్‌గా ఉండవన్న మాటలో సగం నిజం ఇదే. వివరం ఉంటుంది, కాంట్రాస్ట్ ఉండదు.

కొత్త కెమెరా తీర్చినవి

కాంట్రాస్ట్ తక్కువైన ఫొటోను ఫిల్మ్ రోజుల్లో స్లైడ్ మీద చేయగలిగింది ఏమీ లేదు. ఇప్పుడు రా ఫైలులో, అంటే కెమెరా సరిదిద్దకుండా దాచిన ముడి ఫైలులో, నలుపు స్థాయిని సరిచేసి, క్లారిటీ, డీహేజ్ లాంటి స్లైడర్లను కొంచెం జరిపితే పోయినట్టు కనిపించిన ఈకలు తిరిగి వస్తాయి. లేని వివరాన్ని సాఫ్ట్‌వేర్ పుట్టించడం కాదిది, ఫైలులో పలచగా ఉన్నదాన్ని చిక్కగా చేయడం. మోతాదు మించితే గ్రెయిన్ కూడా అంతే చిక్కబడుతుంది.

అన్నిటికన్నా పెద్ద మార్పు ఐఎస్ఓలో, అంటే ఫిల్మ్ లేదా సెన్సరు వెలుగుకు ఎంతగా స్పందిస్తుందో చెప్పే అంకెలో వచ్చింది. ఎర్రటి ఎండలో ఎఫ్/16కి షటర్ వేగం ఐఎస్ఓ అంకెకు సమానమన్నది పాత లెక్క. దాని ప్రకారం ఐఎస్ఓ 100 దగ్గర ఎఫ్/8కి 1/400 సెకను రావాలి. పైన చెప్పిన నష్టం తీసేస్తే 1/250. కొడాక్రోమ్ 64 స్లైడ్ ఫిల్మ్ వాడేవాళ్ళకు నడి ఎండలో కూడా దాదాపు 1/160 దాటేది కాదు. 500 మి.మీ. లెన్సుతో చేత్తో పట్టుకుని తీయడానికి అది ఏ మూలకూ చాలదు. ఇప్పుడు ఐఎస్ఓ 400 పెడితే ఎండలో 1/1000 వస్తుంది. మబ్బు పట్టినా, సాయంత్రమైనా 1600, 3200కి పెంచుకోవచ్చు. ఇవాళ్టి సెన్సర్లకు అవి మామూలు అంకెలు.

రెండోది వ్యూఫైండరు. ఎస్‌ఎల్‌ఆర్‌లో కంటికి చేరేది లెన్సు ఇచ్చిన వెలుగే. ఎఫ్/8 దగ్గర బొమ్మ మసగ్గా ఉండేది. ఫోకస్ కోసం మధ్యలో ఉండే స్ప్లిట్ ప్రిజమ్‌లో సగం నల్లబడిపోయేది. తర్వాత వచ్చిన డీఎస్‌ఎల్‌ఆర్‌లలో (డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్‌లలో) కూడా ఫోకస్ తెర చేత్తో ఫోకస్ చేసేవాళ్ళ కోసం తయారైంది కాదు. మిర్రర్‌లెస్‌లో కంటి ముందున్నది చిన్న స్క్రీన్. వెలుగు తక్కువైతే కెమెరానే దాన్ని పెంచి చూపిస్తుంది, అవసరమైతే 5 రెట్లు, 10 రెట్లు పెద్దది చేస్తుంది. పాత మిర్రర్ లెన్సు పెట్టెలోంచి మళ్ళీ బయటికొచ్చిందంటే ముఖ్యంగా దీనివల్లే.

పిక్సెళ్ళు ఎక్కువున్న సెన్సరుతో ఇంకా వివరం వస్తుందన్న ఆశ మాత్రం కొంతవరకే నిజం. ఎఫ్/8 దగ్గర వివర్తనం బిళ్ళ వెడల్పు సుమారు 10.7 మైక్రాన్లు. 24 మెగాపిక్సెల్ ఏపీఎస్-సీ సెన్సరులో (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న రకం) ఒక్కో పిక్సెల్ 3.9 మైక్రాన్లు. ఒక్క బిళ్ళే దాదాపు మూడు పిక్సెళ్ళ మీద పరుచుకుంటుంది. అంతకన్నా సన్న పిక్సెళ్ళున్న కెమెరా కొన్నా ఈ లెన్సు నుంచి రాబట్టేది పెద్దగా ఉండదు.

ఫోకస్ దగ్గర అసలు పరీక్ష

మిర్రర్ లెన్సుతో తీసిన ఫొటోలు మసగ్గా వచ్చాయనేవాళ్ళలో ఎక్కువమందికి అది లెన్సు తప్పు కాదు. ఫోకస్ తప్పుతుంది, లేదా చెయ్యి వణుకుతుంది. 10 మీటర్ల దూరంలో ఫుల్ ఫ్రేమ్ (పాత 35 మి.మీ. ఫిల్మ్ అంత సెన్సరు) మీద, పాత ప్రింటు లెక్క ప్రకారం స్పష్టంగా ఉండే లోతు 19 సెం.మీ. మానిటరు మీద నూరు శాతం పెద్దది చేసి చూసే అలవాటుకు అది 8 సెం.మీ.కి పడిపోతుంది. పిట్ట ముక్కు మీద ఫోకస్ కుదిరితే తోక కుదరదు.

ఆటోఫోకస్ లేదు. దీనికి బాగా తెలిసిన మినహాయింపు ఒక్కటి: 1989లో మినోల్టా తెచ్చిన ఏఎఫ్ 500 మి.మీ. ఎఫ్/8, తర్వాత సోనీ పేరుతోనూ అమ్ముడైంది. మిగతావి దాదాపు అన్నీ చేత్తో తిప్పాల్సినవే. రింగును అనంతం గుర్తు దాకా తిప్పి వదిలేయడం ఈ లెన్సులతో పనికిరాదు. ఎండకు, చలికి గొట్టం సాగి కుంచించుకుంటుంది కాబట్టి, రింగు ఆ గుర్తును దాటి కూడా తిరిగేలా కావాలనే వదిలేశారు. చందమామకైనా సరే, స్క్రీన్ మీద పెద్దది చేసి చూస్తూ తిప్పాల్సిందే. ఫోకస్ పీకింగ్, అంటే అంచులకు రంగు పూసి చూపే సదుపాయం, బాగా తేడా ఉన్న అంచుల కోసం వెతుకుతుంది. ఈ లెన్సు ఇచ్చేదే పలచని తేడా కాబట్టి పీకింగ్ ఒక్కోసారి అసలు మెరవదు, మెరిసినా గురి కాస్త అటూ ఇటూ ఉంటుంది. దాన్ని ఉజ్జాయింపుగా తీసుకుని, చివరి మాట మాత్రం పెద్దది చేసిన బొమ్మకే వదిలేయడం మేలు.

వణుకు విషయంలో ఒక అపోహ ఉంది. లెన్సు తేలిక కాబట్టి చేత్తో తీయడం సులువని అనుకుంటారు. మోయడం సులువే, నిలకడగా పట్టుకోవడం కాదు. బరువైన లెన్సు చిన్న చిన్న వణుకులను తన బరువుతోనే అణచివేస్తుంది, 600 గ్రాముల లెన్సు వాటిని ఉన్నదున్నట్టు సెన్సరుకు అందిస్తుంది. కెమెరాలోని సెన్సరు స్టెబిలైజేషన్, అంటే వణుకుకు తగ్గట్టు సెన్సరును కదిపే సదుపాయం, సాయపడుతుంది గానీ దానికీ హద్దుంది. కెమెరా డిగ్రీలో పదో వంతు ఊగితే 50 మి.మీ. లెన్సుతో బొమ్మ సెన్సరు మీద 0.09 మి.మీ. కదులుతుంది, 500తో 0.9 మి.మీ. సెన్సరు పదింతల దూరం పరుగెత్తాలి. పాత లెన్సు తన నాభ్యంతరం ఎంతో కెమెరాకు చెప్పలేదు కాబట్టి మెనూలో 500 అని చేత్తో ఎక్కించాలి. ఇక్కడ చాలామంది ఏపీఎస్-సీ కెమెరాకు ఒకటిన్నర రెట్లు కట్టి 750 అని వేస్తారు. అది తప్పు, లెన్సు మీద రాసి ఉన్న అంకే వేయాలి. షటర్ వేగం ఎంచుకునేటప్పుడు మాత్రం ఆ 750 లెక్కే పనికొస్తుంది, 1/750కి తగ్గకుండా.

బిగించడం, సెట్టింగులు

అడాప్టర్ సంగతి తేలికైన భాగం. లెన్సు కూర్చునే అంచు నుంచి సెన్సరుకు ఉండే దూరం నికాన్ ఎఫ్‌లో 46.5 మి.మీ., ఎం42 మరలో సుమారు 45.5 మి.మీ. సోనీ ఈలో అది 18, కానన్ ఆర్‌ఎఫ్‌లో 20, నికాన్ జెడ్‌లో 16. ఆ తేడా అంతా అడాప్టర్‌కు చోటే కాబట్టి లోపల గాజు లేని ఖాళీ గొట్టం సరిపోతుంది. టామ్రాన్ అడాప్టాల్-2 లెన్సులకు, టీ2 మర ఉన్నవాటికి వెనక భాగం విప్పి మార్చుకునే వీలుంది. మెనూలో లెన్సు లేకుండా షటర్ పడేందుకు అనుమతి ఇవ్వాలి, లేకపోతే చాలా కెమెరాలు క్లిక్కే మనవు. కొత్తవాళ్ళు లెన్సు చెడిపోయిందని కంగారు పడేది ఇక్కడే. అపర్చర్ ప్రయారిటీ, ఆటో ఐఎస్ఓ పెట్టి కనీస షటర్ వేగం చెప్పేస్తే మిగతాది కెమెరా చూసుకుంటుంది.

ఎండ, గాలి, దూరం

లెన్సు, కెమెరా రెండూ బాగున్నా ఫొటోను చెడగొట్టగలిగేది మధ్యలో ఉన్న గాలి. పైన చెప్పిన ఏపీఎస్-సీ సెన్సరు మీద 500 మి.మీ. లెన్సుతో 300 మీటర్ల అవతల ఒక్కో పిక్సెల్‌కు వచ్చేది సుమారు 2.3 మి.మీ. కాగితం మీద ఈకలు లెక్కపెట్టొచ్చు. వేడెక్కిన నేల మీది గాలి మాత్రం అంతకు ఎన్నో రెట్లు బొమ్మను అటూ ఇటూ ఊపుతుంది. ఎండమావులు పుట్టించేదీ ఆ గాలే. పులికాట్‌లో దూరాన నీళ్ళలో నిలబడ్డ ఫ్లెమింగోలను పది గంటల ఎండలో తీస్తే గులాబీ రంగు మరకలు వస్తాయి. దానికి లెన్సును తిట్టి లాభం లేదు, లక్షల లెన్సు పెట్టినా వచ్చేది అదే. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువు లాంటి చోట్ల పరిస్థితి వేరు. కొంగలు, గూడబాతులు చెట్ల మీద గూళ్ళలో ఎక్కువసేపు కదలకుండా ఉంటాయి, దూరమూ తక్కువ. చేత్తో నిదానంగా ఫోకస్ చేసే లెన్సుకు ఉదయపు ఎండలో కూర్చున్న పిట్ట సరైన జోడీ. ఎగిరే పిట్ట కాదు.

చందమామకు ఈ లెన్సు ఇంకా బాగా నప్పుతుంది. వెనక ఉండేది నల్లటి ఆకాశం, కాబట్టి గారెల బెడద లేదు. చిక్కల్లా సైజుతోనే: 500 మి.మీ. లెన్సు చందమామను సెన్సరు మీద సుమారు 4.5 మి.మీ. బిళ్ళగా, 1000 మి.మీ. లెన్సు 9 మి.మీ. బిళ్ళగా చూపిస్తుంది. ఫుల్ ఫ్రేమ్ ఎత్తు 24 మి.మీ. కాబట్టి 500తో తెర నిండా చందమామ వస్తుందని ఆశపడకూడదు. నిండు పున్నమికి ఐఎస్ఓ 100, 1/125 సెకను దగ్గర మొదలుపెట్టొచ్చు. సూర్యుడి విషయం వేరే చెప్పాలి. గ్రహణమప్పుడైనా సరే, సూర్యుడి కోసమే చేసిన ఫిల్టరు లెన్సు ముందు కట్టకుండా అటు తిప్పకూడదు. వెనక బిగించే చిన్న ఫిల్టరు దగ్గరికి వచ్చేసరికి కాంతి కూడి వేడెక్కిపోయి ఉంటుంది. డీఎస్‌ఎల్‌ఆర్ అయితే చూసే కన్నే పోతుంది.

డబ్బు వేరే చోట పెడితే?

పోలిక పెట్టాల్సింది ఖరీదైన లెన్సులతో కాదు. చాలామంది దగ్గర ఇప్పటికే ఉన్న 70-300 జూమ్‌తో. 300 మి.మీ. ఎఫ్/5.6 అంటే ద్వారం వెడల్పు సుమారు 54 మి.మీ. మిర్రర్ లెన్సు ద్వారం 62.5 మి.మీ., అందులో ఐదో వంతు విస్తీర్ణం అడ్డానికి పోయింది. పిట్ట నుంచి రెండూ పోగుచేసే వెలుగు ఇంచుమించు ఒకటే, అద్దాల పూత నష్టం కూడా కలిపితే మిర్రర్ లెన్సే కాస్త వెనకబడుతుంది. 300తో తీసి క్రాప్ చేసిన ఫొటోకూ 500 మిర్రర్ ఫొటోకూ తేడా అంకెల్లో కనిపించినంత ఉండదు. జూమ్‌కు ఆటోఫోకస్, స్టెబిలైజేషన్ ఉన్నాయి. పదిలో ఎనిమిది సార్లు ఫోకస్ పట్టే జూమ్ ముందు, పదిలో మూడు సార్లు కుదిరే లెన్సు సిద్ధాంతంలో కొంచెం ఎక్కువ వివరం చూపినా గెలిచినట్టు కాదు. మంచి 70-300 ఉన్నవాళ్ళు ముందు ఆ క్రాప్ చేసి చూసుకుని, తర్వాతే కొనాలా వద్దా తేల్చుకోవాలి.

పై మెట్టులో 150-600 జూమ్‌లున్నాయి, బరువు రెండు కిలోల దగ్గర. కానన్ 2020లో తెచ్చిన ఆర్‌ఎఫ్ 600, 800 మి.మీ. ఎఫ్/11 లెన్సులు ఇంకో రకం జవాబు. వాటిలోనూ అపర్చర్ మారదు, వెలుగు మిర్రర్ లెన్సుకన్నా ఎక్కువేం కాదు, కానీ మధ్యలో అడ్డం లేదు, ఆటోఫోకస్ ఉంది. ఐఎస్ఓ పెంచుకోగల సెన్సరు చేతిలో ఉన్నప్పుడు చిన్న ద్వారంతో సర్దుకోవచ్చన్న లెక్క రెండింటిదీ ఒకటే. మిర్రర్ లెన్సులు పూర్తిగా ఆగిపోలేదు కూడా, టోకినా అదే 2020లో 400 మి.మీ. ఎఫ్/8 కొత్తగా తెచ్చింది.

పాతది కొనేటప్పుడు

టార్చి వేసి ముందు గాజులోంచి లోపలి అద్దం చూడాలి. కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఏళ్ళ తరబడి బీరువాలో ఉన్న లెన్సుకు ఫంగస్ పట్టే ప్రమాదం ఎక్కువ. గాజు మీది ఫంగస్‌ను తుడవొచ్చు, అద్దం పూతను తినేస్తే మళ్ళీ పూత వేయించడం లెన్సు ఖరీదును మించిపోతుంది. వెనక చిన్న ఫిల్టరు ఉందో లేదో చూడాలి. టామ్రాన్ 500లో అది 30.5 మి.మీ.ది. దాన్ని అదనపు సామాను అనుకుని పాత యజమానులు పారేస్తుంటారు. నిజానికి దాని మందం కూడా లెన్సు లెక్కలో భాగం, రంగు లేని గాజైనా సరే అక్కడ ఉండి తీరాలి. 500 మి.మీ. అని అమ్ముతున్న ప్రతిదీ మిర్రర్ లెన్సు కాదు కూడా. మూరెడు పొడవుండి సన్నగా ఉంటే అది మామూలు గాజు లెన్సే, దానికి ఈ లెక్కలేవీ వర్తించవు.

కింద పడిన లెన్సులో అద్దాలు వెంట్రుకవాసి పక్కకు ఒరిగినా బొమ్మ పదును పోతుంది. పైకి ఏమీ కనిపించదు. దీన్ని పట్టుకోవడానికి టెలిస్కోపులు వాడేవాళ్ళు చేసే పరీక్షే ఇక్కడా పనికొస్తుంది, కావలసిందల్లా రాత్రి పూట దూరంగా ఒక చిన్న లైటు, లేదా ఒక నక్షత్రం. దాన్ని ఫ్రేము నడిమధ్యలో పెట్టి, కావాలనే ఫోకస్ తప్పించి, స్క్రీన్ మీద పెద్దది చేసి చూడాలి. గారె కనిపిస్తుంది. చిల్లు సరిగ్గా నడుమ ఉండి, చుట్టూ అంచు ఒకే మందంలో ఉంటే అద్దాలు కుదురుగా ఉన్నట్టు. చిల్లు ఒక పక్కకు జరిగి, అంచు ఒకవైపు లావుగా, ఇంకోవైపు సన్నగా ఉంటే ధర ఎంత తగ్గించినా ఆ లెన్సు తీసుకోకపోవడమే మంచిది.